సమానమని ఒప్పుకుని, కాదని తేల్చడం

బీజగణితంలో ఇంతకన్నా చిన్న సిద్ధాంతం దొరకదు. క, చ అనే రెండు సంఖ్యలు సమానం కాకపోతే, రెండింటికీ త ను కలిపాక కూడా అవి సమానం కావు. ఎనిమిదో తరగతి పిల్లలు సైతం "అందులో ఏముంది" అనేస్తారు. ఎందుకలా అని గట్టిగా అడిగితే మాత్రం, ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన మాస్టార్లు కూడా చాక్‌పీసు పట్టుకుని ఒక్క క్షణం ఆగుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. లోపం వాళ్ల తెలివిలో లేదు. సమానత్వపు ధర్మాల స్వభావమే అంత.

ఆ ధర్మాలను ఒకసారి చూడండి. ప్రతి సంఖ్యా తనకు తాను సమానం: ఇది పరావర్తనం. క = చ అయితే చ = క: ఇది సౌష్ఠవం. క = చ, చ = ట అయితే క = ట: ఇది సంక్రమణం. వీటికి తోడు, సమానమైన వాటికి ఒకే సంఖ్యను కలిపినా, ఒకే సంఖ్యతో గుణించినా వచ్చేవి సమానమే. సమానమైన రెండింటిలో ఒకదాని చోట రెండోదాన్ని పెట్టుకోవచ్చు. అన్నీ సమానత్వాన్ని పుచ్చుకుని సమానత్వాన్నే ఇచ్చేవి. ≠ గుర్తును పుచ్చుకుని ముందుకు నడిపించే నియమం వీటిలో ఒక్కటీ లేదు. పోనీ ఇవే ధర్మాలు దానికీ వర్తిస్తాయేమో అనుకుంటే, 3 ≠ 5, 5 ≠ 3 అన్న రెండు నిజాలకూ సంక్రమణం అంటగట్టి చూడండి. 3 ≠ 3 అని వస్తుంది. పరావర్తనం సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడింటిలో సౌష్ఠవం ఒక్కటే దానికి దక్కింది.

కాబట్టి 'సమానం కాదు' అని నిరూపించాలంటే ఎక్కడినుంచో ఒక సమానత్వాన్ని అరువు తెచ్చుకోక తప్పదు. క + త = చ + త అనుకుందాం. ఇరుపక్కలా −త కలుపుదాం. సహచర ధర్మం వల్ల క + (త + (−త)) = చ + (త + (−త)). త, −త కలిస్తే సున్నా. సున్నా కలిపితే ఏ సంఖ్యా మారదు. అంటే క = చ. కానీ ఆ రెండూ సమానం కావన్న షరతుతోనే కదా బయల్దేరాం. అరువు తెచ్చిన సమానత్వం నిలవలేదు. నిరూపణ అయిపోయింది.

పుస్తకాల్లో దీని పేరు పరోక్ష నిరూపణ. చాలామంది పిల్లలకు ఇదొక గారడీలా కనిపిస్తుంది: లేనిదాన్ని ఉందనుకోవడం, చివర్లో "ఇది విరుద్ధం" అని గీత గీయడం. నిజానికి పైన జరిగిందంతా కూడిక. గారడీ అనిపించడానికి కారణం, ఈ పద్ధతి ఎక్కడ తప్పనిసరో, ఎక్కడ కేవలం అలవాటో మనం విడమరిచి చెప్పకపోవడమే. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే. 'కాదు', 'లేదు' అన్న మాటను నిరూపించడానికి పరోక్ష నిరూపణే సహజమైన దారి. 'ఔను', 'ఉంది' అన్న మాటకు అది చుట్టుదారి. వేరే దారి లేదని తేలాకే దాన్ని పట్టాలి. ఈ తేడా తెలియాలంటే ఇద్దరు రచయితలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకరు క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో 'ఎలిమెంట్స్' రాసిన యూక్లిడ్. మరొకరు క్రీస్తుశకం 1600 ప్రాంతంలో భాస్కరాచార్యుడి బీజగణితానికి 'బీజపల్లవం' అనే వ్యాఖ్య రాసిన కృష్ణ దైవజ్ఞుడు.

యూక్లిడ్ తన తొలి భాగం మొదట్లోనే ఐదు సామాన్య భావనలు పేర్చిపెట్టాడు. ఒకే దానికి సమానమైనవి ఒకదానికొకటి సమానం. సమానమైన వాటికి సమానమైనవి కలిపితే మొత్తాలు సమానం. తీసివేస్తే మిగిలినవీ సమానం. ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చునేవి సమానం. మొత్తం తన భాగం కన్నా పెద్దది. ఈ ఐదింటిని ఒకే వరుసలో చదివేస్తే ఒక సంగతి జారిపోతుంది. మొదటి నాలుగూ సమానత్వాన్ని పుట్టించేవి. ఐదోది ఒక్కటే 'ఇవి సమానం కావు' అని నోరు విప్పగలది. అది లేకపోతే యూక్లిడ్ ఎంత దూరం నడిచినా ఆయనకు వైరుధ్యం అన్నదే ఎదురుకాదు. నేటి బీజగణితంలో ఆ పని 1 ≠ 0 అన్న చిన్న షరతు చేస్తుంది. కూడిక, గుణకారాల నియమాలన్నీ సమానత్వాలే. ఒక్క సున్నా మాత్రమే ఉన్న లోకంలో కూడా అవన్నీ హాయిగా నిజమవుతాయి. 1, 0 వేరువేరని ఎవరో ఒకరు చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో ఆ షరతు మీద ఒక పూట ఆగినా తప్పులేదని నా అభిప్రాయం.

ఎలిమెంట్స్‌లో ప్రతిపాదన మొత్తం పరోక్షంగా నడిచే తొలి చోటు, మొదటి భాగంలోని ఆరో ప్రతిపాదన. కఖగ త్రిభుజంలో ఖ, గ ల దగ్గరి కోణాలు సమానం. అప్పుడు కఖ, కగ భుజాలు సమానమని చూపాలి. యూక్లిడ్ నడక ఇది. అవి సమానం కాకపోతే ఒకటి పెద్దది. కఖ పెద్దదనుకుందాం. ఖ నుంచి కగ అంత పొడవు కొలిచి కఖ మీద ఘ అని గుర్తు పెట్టి, ఘ ను గ తో కలుపుదాం. ఇప్పుడు ఘఖగ, కగఖ అనే రెండు త్రిభుజాలను చూడండి. ఘఖ = కగ; మనమే అలా కొలిచాం. ఖగ రెండింటికీ ఉమ్మడి. ఆ భుజాల మధ్య ఉన్న కోణాలు సమానమని ముందే ఇచ్చారు. భు.కో.భు నియమంతో రెండు త్రిభుజాలూ సమానమవుతాయి. కానీ ఘఖగ అన్నది కఖగ లోపలి ముక్క. ముక్క మొత్తానికి సమానమవడాన్ని ఐదో భావన ఒప్పుకోదు. కాబట్టి కఖ, కగ అసమానం కావు. కాబట్టి సమానం.

చివర్లో 'కాబట్టి' రెండుసార్లు వచ్చింది. వైరుధ్యం మనకు ఇచ్చింది మొదటి 'కాబట్టి' మాత్రమే: అసమానం అన్న మాట నిలవదు. 'అసమానం కాదు' నుంచి 'సమానం' దాకా ఇంకో అడుగు ఉంది. పొడవుల విషయంలో ఆ అడుగుకు ప్రమాదం లేదు. ఒకటి పెద్దది కాకపోయి, రెండోదీ పెద్దది కాకపోతే ఇక సమానమే. అయినా అది వేరే అడుగే. పిల్లలకు ఈ నిరూపణ చెప్పినప్పుడు ఆ రెండు వాక్యాలనూ ఒకటిగా కలిపేస్తాం. దానితో పరోక్ష నిరూపణ ఏది ఇస్తుందో, ఏది మనం పైన చేర్చుకుంటున్నామో తెలియకుండా పోతుంది.

ఇంకో లోటు కూడా ఉంది. ఆ భుజాలు ఎందుకు సమానమో ఈ నిరూపణ చెప్పదు. ఘ అనే బిందువు నిజానికి లేదు. దాన్ని పుట్టించింది చెరిపేయడానికే. దీనికి పక్కనే ఒక సూటి నిరూపణను పెట్టి చూడండి. త్రిభుజాన్ని ఇంకో త్రిభుజంతో కాకుండా, తిప్పి చదివిన దానితోనే పోల్చాలి. కఖగ ఒకటి, కగఖ ఇంకొకటి. ఖ కోణం = గ కోణం. ఖగ = గఖ. గ కోణం = ఖ కోణం. కో.భు.కో నియమంతో రెండూ సర్వసమానం. కాబట్టి కఖ = కగ. సౌష్ఠవం కళ్లకు కట్టింది: త్రిభుజం తనను తాను పోలి ఉంది కాబట్టే భుజాలు సమానమయ్యాయి. 'ప్రతిదీ తనకు తాను సమానం' అన్న పరావర్తన ధర్మాన్ని పిల్లలు ఎందుకూ పనికిరాని నియమంగా లెక్కేస్తారు. ఇక్కడ ఖగ = గఖ అన్న ఆ ఒక్క వరుసే నిరూపణను మోస్తోంది. సమద్విబాహు త్రిభుజంలో కోణాలు సమానమన్న అయిదో ప్రతిపాదనకు ఇలాంటి నిరూపణే 4వ శతాబ్దికి చెందిన పాపస్ పేరు మీద ఉంది.

మరి యూక్లిడ్ ఈ సూటి దారి ఎందుకు వదులుకున్నాడు? వదులుకోలేదు, అప్పటికి ఆయన దగ్గర అది లేదు. ఆరో ప్రతిపాదన నాటికి ఆయన చేతిలో ఉన్నది భు.కో.భు మాత్రమే. కో.భు.కో వచ్చేది 26వ ప్రతిపాదనలో. దాన్ని ఆయన నిరూపించిందీ పరోక్షంగానే: ఒక భుజం పెద్దదనుకుని, కోసి, వైరుధ్యం దగ్గరికి తెచ్చి. అంటే మనం రాసుకున్న సూటి నిరూపణలో పరోక్షం మాయం కాలేదు, పునాదిలోకి దిగింది. యూక్లిడ్ మీద నా విమర్శలో సగం ఇక్కడ వెనక్కి తీసుకోవాల్సిందే.

ఇక కృష్ణ దైవజ్ఞుడు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో, రుణసంఖ్య వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగాడు. అంతకు మూడు శతాబ్దాల ముందే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ మాటే అన్నాడు. 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారులు చెప్పే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. ఇద్దరు ఆచార్యులూ ఫలితం చెప్పారు. వర్గం ఎందుకు కాదన్న ప్రశ్నను విప్పింది వ్యాఖ్యాత.

ఆయన పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ముందు ఆక్షేపించేవాడిని నిలబెడతాడు. రుణసంఖ్య వర్గం కాకూడదని రాజుగారి ఆజ్ఞ ఏమైనా ఉందా అని అతని చేత అడిగిస్తాడు. ఆ ఆక్షేపణను కొట్టిపారేయడు. సరే, వర్గమే అంటున్నావు కదా, దేని వర్గమో నువ్వే చెప్పు అంటాడు. ధనసంఖ్యదా? ధనాన్ని ధనంతో గుణిస్తే ధనమే వస్తుంది. రుణసంఖ్యదా? రుణాన్ని రుణంతో గుణించినా ధనమే వస్తుంది. ఇక ఏ సంఖ్య వర్గమని చెబుతావు? అలాంటి సంఖ్య మాకు కనిపించడం లేదు అని ముగిస్తాడు. నేటి పాఠకుడు సున్నాను కూడా జాబితాలో చేర్చుకోవాలి. దాని వర్గం సున్నాయే కాబట్టి అదీ పనికిరాదు.

నేటి గుర్తుల్లో పెడితే ఇది రెండు వరుసల పని. య × య = −9 అనుకుందాం. య ధనమైతే ఎడమపక్క ధనం, రుణమైనా ధనం, సున్నా అయితే సున్నా. కుడిపక్క రుణం. సమానమైన వాటిలో ఒకదాని చోట రెండోదాన్ని పెడితే, రుణసంఖ్య ఒకటి ధనమో సున్నానో అయి కూర్చుంటుంది. అది జరగదు.

ఇందులో బరువంతా 'రుణం గుణకారం రుణం ధనం' అన్న నియమం మీద ఉంది. రుణాన్ని వ్యతిరేక దిక్కుగా చూపి కృష్ణ దైవజ్ఞుడు దానికీ సమర్థన వెతికాడు. సమానత్వ ధర్మాలతో దాన్ని సూటిగా రాబట్టవచ్చు. 1 + (−1) = 0. ఇరుపక్కలా −1 తో గుణిస్తే (−1) × (1 + (−1)) = (−1) × 0 = 0. విభాగ న్యాయంతో ఎడమపక్క విడదీస్తే (−1) + (−1) × (−1) = 0. ఇరుపక్కలా 1 కలిపితే (−1) × (−1) = 1. ఒక్క చోటా 'అనుకుందాం' లేదు. ప్రతి వరుసా నిజం, ప్రతి వరుసా తర్వాతి వరుసకు కారణం. కోరింది సమానత్వం, దొరికిందీ సమానత్వం. వర్గమూలం లేదన్న దగ్గర మాత్రం సమానత్వాన్ని అరువు తేక తప్పలేదు, ఎందుకంటే అక్కడ చెప్పవలసింది 'లేదు' అన్న మాట.

ఇప్పుడు ఇద్దరినీ కలిపి చూద్దాం. యూక్లిడ్ ఎవరితోనూ మాట్లాడడు. తనే ఊహిస్తాడు, తనే నడుస్తాడు, అసంభవం అని తనే ఆగుతాడు. ఆయన గొప్పతనం క్రమశిక్షణలో ఉంది: ఏ అడుగు ఏ భావన మీద నిలిచిందో ఎప్పుడు అడిగినా చూపించగలం. కృష్ణ దైవజ్ఞుడిలో ఆ మెట్ల వరుస అంత బిగువుగా కనిపించదు. కానీ ఊహ ఎవరిదన్న విషయంలో ఆయన పుస్తకమే స్పష్టం. 'రుణానికి మూలం ఉంది' అన్నది ఎదుటివాడి మాట, రచయితది కాదు. పిల్లలు తడబడే చోటు సరిగ్గా ఇదే. "మీరే సమానం అనుకోమన్నారు, మీరే కాదంటున్నారు" అని వాళ్లు అడిగే ప్రశ్నకు యూక్లిడ్ శైలిలో జవాబు లేదు, బీజపల్లవంలో ఉంది. తరగతి గదిలో నేనైతే మొదటి పాఠానికి కృష్ణ దైవజ్ఞుడిని, రెండో పాఠానికి యూక్లిడ్‌ను పిలుస్తాను.

ఈ స్పష్టత ఒక్క వ్యాఖ్యాత ప్రతిభ కాదు, న్యాయశాస్త్రం నేర్పిన అలవాటు. న్యాయదర్శనం గుర్తించిన ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. తర్కం వాటిలో లేదు. అది ప్రమాణానికి తోడు నిలిచేది, సందేహాన్ని తొలగించేది. మన తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రాసిన తర్కసంగ్రహంలో ఇంకా తెగించి, తర్కాన్ని సంశయం, భ్రమలతో పాటు అయథార్థ జ్ఞానాల జాబితాలో చేర్చాడు. నిప్పు లేకపోతే పొగ కూడా ఉండదు అని మనం అనుకునేది, నిప్పూ పొగా రెండూ కళ్ల ముందు ఉండగానే. అంటే అది తెలిసి తెలిసి చేసిన తప్పు ఊహ. మొదటిసారి చదివిన వారికి ఈ వర్గీకరణ తర్కాన్ని చిన్నబుచ్చినట్టు అనిపిస్తుంది. పరోక్ష నిరూపణను వరుస వరుసగా రాసి చూస్తే అన్నంభట్టు ఎంత నిజం చెప్పాడో తెలుస్తుంది. √2 అకరణీయ సంఖ్య కాదన్న పదో తరగతి నిరూపణే తీసుకోండి. √2 = ప/ఫ అనుకుని, ప, ఫ లకు ఉమ్మడి కారణాంకం లేదనుకుని బయల్దేరతాం. ఇరుపక్కలా వర్గం చేస్తే ప² = 2ఫ². కాబట్టి ప సరిసంఖ్య, ప = 2ర. ప్రతిక్షేపిస్తే 4ర² = 2ఫ². 2 తో కొట్టివేస్తే ఫ² = 2ర². కాబట్టి ఫ కూడా సరిసంఖ్య. మధ్యలోని ఈ సమానత్వాల్లో ఒక్కటీ నిజం కాదు. అటువంటి ప, ఫ, ర లు లోకంలో లేవు. అబద్ధాల మధ్య సంబంధం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సంబంధాన్ని కాపాడేది సమానత్వ ధర్మాలే. ఊహ అబద్ధమైనా ధర్మాలు సడలకూడదు. ఒక్క చోట సడలినా, చివర వచ్చిన వైరుధ్యానికి కారణం ఊహా, మన పొరపాటా తెలియదు.

ఎం.డి. శ్రీనివాస్ వంటి గణిత చరిత్రకారులు ఎత్తి చూపిన సంగతి ఒకటుంది. భారతీయ గణితంలో ఉపపత్తి చెప్పేవారు ఇలాంటి వాదాన్ని 'లేదు' అని చెప్పడానికి వాడారు కానీ, సూటిగా చూపలేని వస్తువును 'ఉంది' అని స్థాపించడానికి వాడలేదు. ఆ నిగ్రహం నాకు చాలా నచ్చుతుంది. అయినా దాన్ని తూర్పు పడమరల తేడాగా చెప్పడం తొందరపాటు. యూక్లిడ్‌లోనే దానికి సాక్ష్యం ఉంది. తొమ్మిదో భాగంలోని 20వ ప్రతిపాదనలో, ప్రధాన సంఖ్యలు ఎన్ని ఇచ్చినా వాటికి మించి ఇంకా ఉంటాయని ఆయన చూపాడు. 'ప్రధాన సంఖ్యలు ఇన్నే అనుకుందాం' అని ఆయన మొదలుపెట్టలేదు. ఇచ్చిన వాటన్నిటితోనూ నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యను తీసుకుని, దానికి 1 కలిపి, వచ్చినదాన్ని భాగించే ప్రధాన సంఖ్యను పట్టుకుంటాడు. అది పాత జాబితాలో లేదని చెప్పే ఒక్క చోట మాత్రం పరోక్షానికి వెళ్తాడు: జాబితాలోదే అయితే అది 1 ని కూడా భాగించాలి, అది అసంభవం. 2, 3, 5 ఇస్తే 31 చేతిలో పెడతాడు. 3, 5 మాత్రమే ఇస్తే 16 వస్తుంది, దానిలోంచి 2 బయటికి వస్తుంది. 1940లో హార్డీ తన 'ఎ మ్యాథమెటీషియన్స్ అపాలజీ'లో ఈ నిరూపణను మొత్తం పరోక్షంగా మలిచి చెప్పాడు, ఆ పద్ధతిని ఎంతో ప్రేమగా మెచ్చుకున్నాడు కూడా. హార్డీ వచనం మీద ఎంత గౌరవం ఉన్నా, ఈ ఒక్క చోట యూక్లిడ్ అమరికే మేలని నేనంటాను. హార్డీ చెప్పినట్టు చదివిన విద్యార్థి 'గుణించి 1 కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుంది' అన్న పొరపాటులో పడడం చాలా సులువు. 3 × 5 + 1 దగ్గరే అది తప్పవుతుంది కదా.

నిగ్రహానికి కూడా ఒక హద్దు ఉంది, దాన్ని దాచకూడదు. కృష్ణ దైవజ్ఞుడి నిరూపణ బలం ఆయన జాబితా పూర్తిదనడంలో ఉంది: సంఖ్య అంటే ధనం, రుణం, సున్నా, ఇంతే. 1545లో కార్డానో 10 ని రెండు భాగాలు చేసి, వాటి లబ్ధం 40 రావాలన్న లెక్కలో 5 + √−15, 5 − √−15 అనే జవాబులు రాశాడు. సమానత్వ ధర్మాలతో గుణించి చూస్తే 25 + 15 = 40 సరిగ్గా వస్తుంది. 1572లో బొంబెల్లి ఆ కొత్త రాశులకు గుణకార నియమాలు రాసిపెట్టాడు. మరి మన వ్యాఖ్యాత నిరూపణ తప్పా? అక్షరం కూడా తప్పు కాదు. వర్గం −1 అయ్యే రాశి ధనం కాదు, రుణం కాదు, సున్నా కాదు అని ఆయన చూపినది నేటికీ నిజమే. కల్పిత సంఖ్యలను పెద్దవి చిన్నవి అని వరుసలో పేర్చలేమని నేడు కాలేజీలో చెప్పే నిరూపణ అదే: ధనం అనుకో, వర్గం ధనం కావాలి, రుణం అనుకో, అప్పుడూ ధనమే కావాలి. వాదం మారలేదు, దాని ముగింపు మారింది. 'అలాంటి సంఖ్య లేదు' అన్నది 'అలాంటిది ఈ వరుసలో లేదు' అయింది. ఆయన 'కనిపించడం లేదు' అని ముగించడం ఇప్పుడు చదివితే ఎంతో జాగ్రత్తగా ఎంచిన మాటలా తోస్తుంది.

బడి లెక్కల్లోకి వస్తే, పరోక్ష నిరూపణను అనవసరంగా తొడిగే చోటు ఒకటి నన్ను బాగా బాధిస్తుంది. క × చ = 0 అయితే క = 0 లేదా చ = 0. గైడ్లలో తరచూ కనిపించే నిరూపణ ఇలా ఉంటుంది: రెండూ సున్నా కావనుకుందాం; క ≠ 0 కాబట్టి దానికి గుణకార విలోమం ఉంది; ఇరుపక్కలా దానితో గుణిస్తే చ = 0; కానీ చ ≠ 0 అనుకున్నాం; విరుద్ధం. ఇందులో మొదటి వరుసనూ చివరి వరుసనూ కొట్టేయండి. క సున్నా అయితే పని అయిపోయింది. కాకపోతే దాని విలోమంతో గుణించండి, చ = 0. అదే గుణకారం, అదే విలోమం, వైరుధ్యం ఊసే లేదు. ఈ రెండో రూపం నేర్చినవాడికి (య − 2) × (య − 3) = 0 దగ్గర ఏం చేయాలో చెప్పక్కర్లేదు. మొదటి కారణాంకం సున్నా అవుతుందా అని చూస్తాడు, కాకపోతే రెండోది సున్నా అయి తీరాలని తెలుసు. మొదటి రూపం నేర్చినవాడు ఒక వైరుధ్యాన్ని మాత్రం బట్టీ పట్టాడు.

దీనికి ఎదురుగా సున్నాకు గుణకార విలోమం లేదన్న నిరూపణను పెట్టండి. ఇక్కడ మాట 'లేదు', కాబట్టి వేరే దారి వెతకనక్కర్లేదు. 0 × య = 1 అనుకుందాం. 0 = 0 + 0 కాబట్టి 0 × య = 0 × య + 0 × య; ఇరుపక్కలా ఒక 0 × య తీసేస్తే 0 = 0 × య. సంక్రమణంతో 0 = 1. మన ప్రాచీనులు ఈ చోట చాలా పెనుగులాడారు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. మహావీరాచార్యుడు సంఖ్యను సున్నాతో భాగిస్తే అది మారదన్నాడు. మహావీరుడి మాటను ఒప్పుకుని నడిచి చూడండి: 5 ÷ 0 = 5 అయితే, భాగహారం గుణకారానికి తిరుగుడు కాబట్టి 5 = 5 × 0 = 0. ఆగిపోయాం. వర్గమూలం దగ్గర సరిగ్గా తేల్చిన ఆచార్యుడి మాటే ఈ పరీక్షకు నిలవలేదు. పరోక్ష నిరూపణ పెద్దల మాటను కూడా మర్యాదగానే, పూర్తిగా ఒప్పుకునే పరీక్షిస్తుంది.

చివరగా ఒక జంట. రెండు కరణీయ సంఖ్యలున్నాయి, ఒకదాన్ని రెండోదాని ఘాతానికి ఎత్తితే అకరణీయ సంఖ్య వస్తుంది అని చూపాలి. కాలేజీ పుస్తకాల్లో ప్రసిద్ధమైన నిరూపణ √2 ను √2 ఘాతానికి ఎత్తుతుంది. అది అకరణీయమైతే చేతికి చిక్కింది. కాకపోతే దాన్నే మళ్లీ √2 ఘాతానికి ఎత్తండి; √2 × √2 = 2 కాబట్టి √2 వర్గం, అంటే 2 వస్తుంది. ఎటు తిరిగినా ఉంది. ఇది అచ్చంగా పరోక్ష నిరూపణ కాదు కానీ దానికి దగ్గరి చుట్టం. ఆ జంట ఏదని అడిగితే మాత్రం నోరు మెదపదు. √2 ను √2 ఘాతానికి ఎత్తితే వచ్చేది కరణీయమే అని తెలియడానికి 1934లో గెల్ఫొండ్, ష్నైడర్ విడివిడిగా నిరూపించిన లోతైన సిద్ధాంతం కావాలి. గణితవేత్త బ్రౌవర్ 20వ శతాబ్ది తొలినాళ్ల నుంచీ గొడవపడింది ఇలాంటి 'ఉంది' మీదే. 'లేదు' అని చెప్పే పరోక్ష నిరూపణతో ఆయనకు పేచీ లేదు.

దీని పక్కన ఇంకో నిరూపణ. √2 ను, ఆధారం 2 కు 9 సంవర్గమానంగా ఉండే సంఖ్య ఘాతానికి ఎత్తండి. √2 ను రెండుసార్లు గుణిస్తే 2, కాబట్టి ఫలితం 9 కి వర్గమూలం, అంటే 3. జంట చేతిలో ఉంది, ఫలితమూ చేతిలో ఉంది. ఆ సంవర్గమానం కరణీయమని ఒక్కటి చూపాలి. అది 'కాదు' అన్న మాట, అందుకు మాత్రం పరోక్షం. అది ప/ఫ అయితే, 2 ను ప సార్లు గుణించినదీ 9 ని ఫ సార్లు గుణించినదీ సమానం కావాలి. ఎడమపక్కది సరిసంఖ్య, కుడిపక్కది బేసిసంఖ్య. చతురస్రపు కర్ణాన్ని భుజంతో సరిగ్గా కొలవగలమనుకుంటే బేసి, సరి సమానమైపోతాయని అరిస్టాటిల్ ప్రయర్ అనలిటిక్స్‌లో ఉదాహరణగా చెప్పిందీ ఈ వైరుధ్యమే.